చివరి రెండంకెలు

ఈదయ్యా,
నీ డిశ్చార్జి బుక్కు పల్లిత్తనాల సంచిల దొరికింది.
ఎలుకలు ఒక మూల తిన్నయ్.
నీ పేరు మిగిలింది, నీ నాయిన పేరు మిగిలింది,
నడవడిక అన్నకాడ 'ఉత్తమం' మిగిలింది.
నెంబరు చివరి రెండంకెలు పోయినయ్.

నల్లగొండ సైనిక్ ఆఫీసుల ఒక పిల్ల,
నీ మనవరాలి ఈడుది,
"నెంబరు లేకుంటే మనిషి దొరకడు సార్" అన్నది.
నిజమే.
మన పేర్లకు నోరు తిరగని సుబేదారు
బెంగళూరు బ్యారకుల ఇంకా తెల్లారకముందే
మనల్ని అంకెలు పెట్టి పిలువలేదా?

నా నెంబరు నిద్రల లేపి అడిగినా చెప్త.
నీది నాకెందుకు గుర్తుంటది?
నీ బీడీ వాసన గుర్తుంది.
మంచుల లారీ ఇంజను కింద మంటపెట్టి
నువ్వు దాన్ని తిట్టిన బూతులు గుర్తున్నయ్.
ఫారంల వాటికి గడి లేదు.

మళ్ళ దేవరకొండ బస్సు. మళ్ళ మీ ఊరు.
సాలమ్మ కొట్టంలకు తీస్కపోయింది.
నీ నల్ల ఇనుప పెట్టె,
మూత మీద నువ్వే తెల్లరంగుతోని రాసుకున్న నెంబరు,
దాని మీద గడ్డి,
గడ్డి మీద పొదుగుతున్న కోడి.
సాలమ్మ బతిమాలింది. లేవలే.
నేను చెయ్యి పెడితే పొడిచింది.
దాని కడుపు కిందికి వేళ్ళు జొనిపి
ఒక్కో గుడ్డు పక్కకు జరిపి చదివిన:
నాలుగు.
ఏడు.

రెండోసారి పోతే ఇంకో గడికాడ ఆగినం.
'దహనం జరిగిన స్థలం.'
"మేం కాల్చం బిడ్డా, పూడుస్తం" అన్నది సాలమ్మ.
పిల్ల పెన్ను ఎత్తింది, దించింది.
"దేనికైనా ఇండ్ల ఇదే మాట ఉంటదమ్మా."
సాలమ్మ కుర్చీల నుంచి కదలలే.
"కాల్చినమని రాస్తే ఆయనకు సెగ తగలదా?"

ఆ పిల్ల స్కేలు పెట్టి ఆ మాట కొట్టేసింది.
పైన 'పూడ్చిన' అని రాసి
పక్కన చిన్న సంతకం చేసింది.
ఇరవై రెండేండ్ల కొలువుల నీ కోసం
ఏ ఆఫీసరూ ఒక్క మాట కొట్టెయ్యలేదు, ఈదయ్యా.

'ఖర్చుల రసీదులు జతచేయవలెను.'
గుంత తవ్విన మైసయ్య రసీదిస్తడా?
మూరెడు ఎర్రమట్టి, కింద అంతా రాయి.
గడ్డపార మొన వంగింది.
ఆ వంగిన మొనను జతచెయ్యాల్నా?

నిన్ను చక్కగ పండబెట్టలేకపోయినం.
పరేడుల నీ అంత నిటారు ఎవడూ నిలబడలే.
ఊరికొచ్చి బోరు నీళ్ళు తాగి తాగి
వెన్ను కొడవలైంది.
ఆఖరుకన్న సావధాన్‌ల పెడదామని
నేను నీ మోకాళ్ళ మీద చెయ్యేసిన.
సాలమ్మ నా చెయ్యి పట్టుకున్నది:
"నొప్పైతది."
గుంతనే నీ వంపుకు తవ్వించిన.
అదనపు కూలి నాలుగొందలు. రసీదు లేదు.

వచ్చేది ఎంతనో చెప్పను, నువ్వు నవ్వుతవ్.
డప్పులోళ్ళకిచ్చినంక ఇంత మిగిలితే
సాలమ్మ కండ్లద్దాలు చేయించుకుంటదట.

లేచేముందు ఇంకో ఫారం అడిగిన.
"ఇంకెవరు పోయిండ్రు సార్?"
"ఇంకా పోలే" అన్న.
"పోయినంకనే ఇయ్యాలె సార్, ముందు తీస్కోరు" అని
ఇచ్చింది మాత్రం ఇచ్చింది.
బస్టాండ్ల జామకాయలోడి పక్కన కూసోని నింపిన.
నెంబరు చూడకుండ రాసిన.
తారీఖు వదిలేసిన.
స్థలం అన్నకాడ పెన్ను ఆగింది:
మా ఊరి వాగు ఒడ్డున ఇసుక లారీలు తిరుగుతున్నయ్ ఇప్పుడు,
ఎక్కడని రాద్దు?

నా కాగితం గూడ నీ పెట్టెలనే పెట్టమన్న.
సాలమ్మ "తాళం లేదయ్యా" అన్నది.
తాళమెందుకు?
ఆ కోడి
ఎవ్వణ్ణి చెయ్యి పెట్టనియ్యదు.